అమ్మకు చదువు రాదు, నాన్నకు ఎనభై దాటాయి: జ్ఞాపకశక్తి పరీక్ష మార్కులు ఎలా చూడాలి?

"మా అమ్మకు 30కి 19 వచ్చాయండి. అల్జీమర్సేనా?"

పరీక్ష కాగితం ఫొటో తీసి, కింద ఈ ప్రశ్న రాసి పంపేవాళ్లు నాకు వారానికి ఒకరిద్దరైనా ఉంటారు. నేను మెమరీ క్లినిక్‌లో ఈ పరీక్షలు చేసే సైకాలజిస్టును. ప్రతిసారీ నేను తిరిగి అడిగేవి రెండే: అమ్మ ఎంతవరకు చదువుకున్నారు? అసలు వయసెంత? చాలా కాగితాల మీద ఆ రెండు గళ్లూ ఖాళీగానే ఉంటాయి. అవి తెలియకపోతే 19 అన్న అంకెతో ఏమీ తేల్చలేం. ఆ ఒక్క అంకె చూసి ఇల్లంతా ఏడ్చిన కుటుంబాలున్నాయి. 28 వచ్చాయని నిశ్చింతగా ఉండి, రెండేళ్లు ఆలస్యంగా వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే అందరికీ ఒకేసారి పనికొచ్చేలా ఇది రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క

ఎక్కువ చోట్ల కనిపించేది ఎం.ఎం.ఎస్.ఇ. అనే పరీక్ష. 1975లో అమెరికాలో తయారైంది. మొత్తం 30 మార్కులు. 24 కంటే తగ్గితే అనుమానించాలన్నది చాలామంది పాటించే కటాఫ్. ఇందులో 100 నుంచి ఏడేసి తీసేస్తూ పోవడానికి 5 మార్కులు, కాగితం మీద ఉన్నది చదివి అలా చేయడానికి 1, ఒక వాక్యం రాయడానికి 1, ఒకదాని మీదికి ఒకటి వచ్చిన రెండు ఐదుమూలల బొమ్మలు చూసి గీయడానికి 1. బడి గడప తొక్కని మనిషికి ఈ 8 మార్కులూ మతిమరుపు లేకుండానే పోవచ్చు. 30లో 8 పోతే 22. జ్ఞాపకశక్తి నిక్షేపంగా ఉన్నా కటాఫ్ కిందికి వెళ్లిపోయినట్టే.

అమెరికాలో 18,056 మందికి ఇదే పరీక్ష చేసిన ఫలితాలు 1993లో అచ్చయ్యాయి. తొమ్మిదేళ్లు, ఆపైన చదివినవాళ్ల మధ్య మార్కు 29. ఐదు నుంచి ఎనిమిదేళ్లు చదివినవాళ్లది 26. నాలుగేళ్లు, అంతకు లోపు చదివినవాళ్లది 22. మధ్య మార్కు అంటే సగం మంది దానికి పైన, సగం మంది కింద ఉన్నారని. వయసుతోనూ అంతే. 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకు 29 ఉన్న మధ్య మార్కు, 80 దాటినవాళ్లకు 25కు దిగింది.

సిద్ధాంతం ఇంతకన్నా అక్కర్లేదు. పనిలోకి దిగుదాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే అది, దానికి కొత్త బ్యాటరీలు
- వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో సహా (నిద్రమాత్రలు, జలుబు, దురద మాత్రలు మర్చిపోవద్దు)
- పాత పరీక్ష కాగితాలు, స్కాన్లు, రక్తపరీక్షలు
- ఒక తెల్లకాగితం. దాని పని మూడో మెట్టులో చెబుతాను
- వాళ్లతో రోజూ ఉండే మనిషి. నెలకోసారి ఫోన్ చేసే కొడుకు కన్నా పక్కనే ఉండే కోడలో, చెల్లెలో, పనిమనిషో చెప్పేదే ఎక్కువ ఉపయోగం

1. చదువు ఎన్నేళ్లో సరిగ్గా రాయండి

"పెద్దగా చదువుకోలేదు" అని వదిలేయకండి. ఎన్నేళ్లు బడికి వెళ్లారో లెక్క కట్టండి. ఇప్పుడు 80 ఏళ్ల దగ్గర్లో ఉన్నవాళ్లు "థర్డ్ ఫారం దాకా చదివాను" అంటే అది ఎనిమిదో క్లాసు. సిక్స్త్ ఫారం అంటే ఎస్.ఎస్.ఎల్.సి., పదకొండేళ్లు. వీధిబడిలో రెండేళ్లు, మధ్యలో పొలం పనులకు మానేసి మళ్లీ ఒక ఏడాది వెళ్లి ఉంటే మూడేళ్లని రాయండి.

సంవత్సరాల లెక్కతో పాటు ఇవీ అడగండి: ఇప్పుడు పేపరు చదవగలరా, బస్సు మీద ఊరి పేరు చదవగలరా, సంతకమా వేలిముద్రా? బడికి వెళ్లకపోయినా 1990ల్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు నెల్లూరు జిల్లాలోనే ఎందరో ఉన్నారు. ఐదో క్లాసు పాసై, ఆ తర్వాత అరవై ఏళ్లు పెన్ను ముట్టనివాళ్లూ ఉన్నారు. పరీక్ష దగ్గర ఈ ఇద్దరూ ఒకటి కాదు.

ఏ మీడియం అన్నదీ ముఖ్యమే. నిజాం కాలంలో తెలంగాణలో బడి చదువు ఎక్కువగా ఉర్దూలోనే. ఇప్పుడు తొంభైకి దగ్గరైన ఒక తాతగారు ఇంట్లో తెలుగు మాట్లాడినా, లెక్కలు ఉర్దూలోనే చేస్తారేమో. ముందే కనుక్కోండి.

2. ఆధార్‌లో ఉన్న వయసును నమ్మకండి

పుట్టినరోజు జనవరి 1 అనో జులై 1 అనో ఉంటే అది ఎవరో అంచనాగా వేసిందే అయ్యుంటుంది. పింఛను కోసం పెంచిన వయసులున్నాయి, బడిలో చేర్చేటప్పుడు తగ్గించినవీ ఉన్నాయి. 68, 78 మధ్య తేడా మార్కుల్లో బాగా కనిపిస్తుంది, కాబట్టి సంఘటనలు పట్టుకుని లెక్కేయండి. 1948 పోలీస్ యాక్షన్ నాటికి పుట్టారా? 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పెద్దబిడ్డ వయసెంత? పెళ్లయిన ఎన్నేళ్లకు ఆ బిడ్డ పుట్టాడు? తమ్ముళ్లు, చెల్లెళ్ల వయసులతో సరిచూడండి. రెండు మూడేళ్లు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. "ఆధార్‌లో 70, మా లెక్కలో 76 నుంచి 78" అని కాగితం మీద రాసి ఇవ్వండి.

3. పదేళ్ల కిందట ఎలా ఉండేవారో రాయండి

నన్నడిగితే మొత్తం పనిలో దీనికి మించింది లేదు. చదువు తక్కువైనవాళ్లకు పరీక్షలో వచ్చిన మార్కు కన్నా, వాళ్లలో వచ్చిన మార్పే ఎక్కువ నిజం చెబుతుంది. మనిషిని పక్కింటి టీచరమ్మతో పోల్చొద్దు, పదేళ్ల కిందటి తనతోనే పోల్చండి. ఐ.క్యు.కోడ్ అనే ప్రశ్నావళి నడిచేది ఈ పద్ధతిలోనే. దాని చిన్న రూపంలో 16 ప్రశ్నలుంటాయి. పదేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు ఈ పని ఎలా చేస్తున్నారని ఇంట్లోవాళ్లనే అడుగుతారు. అందుకే దాని మీద చదువు ప్రభావం తక్కువ. క్లినిక్‌లో అది ఉందేమో అడగండి. ఉన్నా లేకపోయినా తెల్లకాగితం మీద నిలువుగా గీత గీసి, ఒకవైపు "అప్పుడు", ఒకవైపు "ఇప్పుడు" అని పెట్టి, ఆ మనిషి జీవితంలో నిజంగా ఉన్న పనులే రాయండి:

- ఆవకాయకు ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు ఎవరినీ అడగకుండా వేసేవారు. ఇప్పుడు?
- చీటీ డబ్బులు, డ్వాక్రా వాయిదాలు ఎవరివి ఎంత బాకీ ఉన్నాయో నోటితో చెప్పేవారు. ఇప్పుడు?
- పాలవాడికి ఎన్ని రోజుల డబ్బులివ్వాలో గుర్తుండేది. ఇప్పుడు?
- గుడికో, చెల్లెలి ఇంటికో ఒక్కరే వెళ్లి వచ్చేవారు. ఇప్పుడు?
- ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో ఇంట్లో అందరికీ చెప్పేవారు. ఇప్పుడు?
- నిన్నటి సీరియల్లో ఏం జరిగిందో చెప్పగలరా?
- చెప్పిందే చెబుతున్నారా? అడిగిందే అడుగుతున్నారా? ఎంతసేపటికోసారి?

జాగ్రత్త: "చేయడం లేదు" వేరు, "చేయలేకపోతున్నారు" వేరు. కోడలు వచ్చాక వంట మానేసిన అమ్మను మతిమరుపు ఖాతాలో వేయకండి. మోకాళ్ల నొప్పితో గుడికి వెళ్లడం మానేసినా అంతే. చేయమంటే చేయగలరా అన్నదే చూడాలి. ఇంకో మాట: ఈ కాగితానికి మార్కులు వేయకండి. డాక్టరు చేతిలో పెట్టండి, చాలు.

4. ఏ పరీక్ష చేస్తారో ముందే అడగండి

సంకోచించకండి. "మా అమ్మ చదువుకోలేదండీ, చదువు రానివాళ్లకు సరిపడే పరీక్ష ఏమైనా చేస్తారా?" అని అడగడం మీ హక్కు.

మోకా అనే పరీక్ష 2005 నుంచి వాడకంలో ఉంది. ఇదీ 30 మార్కులే, 26 నుంచి మామూలుగా లెక్కిస్తారు. ఇది ఎం.ఎం.ఎస్.ఇ. కన్నా కష్టం. గడియారం గీయాలి, ఘనం బొమ్మ గీయాలి, ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషం పాటు చెప్పాలి. చదువు 12 ఏళ్లు, అంతకు లోపయితే 1 మార్కు కలుపుతారు. ఇంటర్ చదివిన మనిషికి ఆ ఒక్క మార్కు సరిపోవచ్చు, బడికే వెళ్లని మనిషికి ఏ మూలకూ చాలదు. అలాంటివాళ్ల కోసమే మోకా బేసిక్ అని వేరే రూపం ఉంది. దాన్ని అడగండి.

మన దేశంలో ఈ ఇబ్బందిని ముందే గుర్తించి, హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువు రాని వృద్ధుల కోసం హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ తయారు చేశారు. 1995లో వచ్చింది. "కళ్లు మూసుకోండి" అన్న కాగితం చదివించడానికి బదులు, పరీక్ష చేసే మనిషి తన కళ్లు మూసి, నేను చేసినట్టే చేయమంటాడు. వాక్యం రాయించడానికి బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటాడు. అడిగేది అదే శక్తిని, అక్షరం మాత్రం అడ్డు రాదు.

తెలుగువాళ్లకు ఇంకో రెండు దారులున్నాయి. అడెన్‌బ్రూక్స్ కాగ్నిటివ్ ఎగ్జామినేషన్ అనే 100 మార్కుల పరీక్షకు తెలుగు రూపం ఉంది, ఉర్దూ రూపమూ ఉంది. ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) ఆధ్వర్యంలో తయారైన పరీక్షల సెట్టు ఐదు భారతీయ భాషల్లో ఉంది, వాటిలో తెలుగు ఒకటి. ఇవి పెద్ద న్యూరాలజీ విభాగాల్లో దొరికే వీలు ఎక్కువ. ఇవేవీ లేకపోతే రూడాస్ అని 2004లో ఆస్ట్రేలియాలో వచ్చిన పరీక్ష ఉంది. వేరే భాషల వాళ్లకూ, చదువు తక్కువ ఉన్నవాళ్లకూ పనికొచ్చేలా తయారు చేశారు. టీ, వంటనూనె, గుడ్లు, సబ్బు అని కిరాణా సరుకులు గుర్తుపెట్టుకోవాలి, రోడ్డు ఎలా దాటుతారో చెప్పాలి. 30కి 22, అంతకన్నా తక్కువ వస్తే అనుమానిస్తారు. అందులోనూ ఒక బొమ్మ గీయాల్సి ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

ఏదీ కుదరక ఎం.ఎం.ఎస్.ఇ.నే చేస్తే? చేయించుకోండి. కాగితం మీద ఏ ప్రశ్నలో ఏ మార్కు పోయిందో విడివిడిగా రాసిమ్మని అడగండి. ఏడో మెట్టులో అదే కావాలి.

5. పరీక్ష రోజు

పొద్దున పూట, టిఫిన్ తిన్నాక పెట్టించుకోండి. షుగర్ ఉన్న పెద్దాయన్ని రక్తపరీక్ష కోసం పరగడుపున తెచ్చి, పదకొండింటికి అదే ఆకలితో జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చోబెట్టడం నేను తరచూ చూస్తుంటాను. ముందు రాత్రి నిద్రపోకపోయినా, జ్వరం ఉన్నా, ఇంట్లో ఈమధ్యే చావు జరిగినా వాయిదా వేయండి. రోజూ వేసుకునే మందులు మాత్రం డాక్టరును అడగకుండా ఆపకండి.

దారిలో పాఠాలు చెప్పకండి. "అమ్మా, ఇవాళ బుధవారం. తారీఖు 14. అడిగితే చెప్పాలి, సరేనా?" అని ఆటోలో వల్లె వేయించే పిల్లలు చాలామంది. ప్రేమతోనే చేస్తారు, కానీ జబ్బు దాక్కుంటుంది, అమ్మకేమో టెన్షన్ పెరుగుతుంది. "పరీక్ష" అన్న మాట కూడా వాడకండి. "డాక్టరుగారు కాసేపు మాట్లాడతారట" అంటే చాలు.

6. గదిలో

చెవిలో గుబిలి, కంట్లో శుక్లాలు కూడా మార్కులు తీసేస్తాయి. మాట వినపడిందో లేదో ముందు చూడమనండి. పక్కన మీరు కూర్చోవాల్సి వస్తే పెద్దవాళ్లకు కనపడకుండా వెనక కూర్చోండి. అందించకండి, తల ఊపకండి, "నిన్ననే చెప్పావు కదమ్మా" అనకండి.

తారీఖు అడిగినప్పుడు "మాఘమాసం, పౌర్ణమి వెళ్లిన రెండో రోజు" అని చెబితే అది తప్పు కాదు, ఒప్పు. అలా చెప్పారని రాయమనండి. ఋతువు అడిగితే మన పెద్దవాళ్లకు ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడే. నాలుగోది తెలియదని మార్కు తీయకూడదు.

పోయిన ఏడాది వచ్చిన ఒక పెద్దమ్మ సంగతి చెబుతాను. పేరు వద్దు. కూలిపనుల్లో అరవై ఏళ్లు గడిచాయి. పెన్సిల్ చేతికిస్తే, కొడవలి పిడి పట్టుకున్నట్టు గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. ఐదుమూలల బొమ్మ చూపించి గీయమన్నాం. కాగితం చిరిగేంత గట్టిగా ఒక వంకర గీత గీసి, "నా వల్ల కాదు తల్లీ" అని పెన్సిల్ బల్ల మీద పెట్టేశారు. సున్నా వేశాం. టీ తాగాక ఒక పళ్లెంలో పలచగా ముగ్గుపిండి పరిచి, "చుక్కల ముగ్గు వేస్తారా?" అని అడిగాను. చూపుడువేలితో ఏడు నుంచి ఒకటి దాకా చుక్కలు పెట్టి, ఒక్క చుక్క తప్పకుండా మెలికలు తిప్పి మూసేశారు. రూపాన్ని మనసులో పట్టుకునే శక్తి ఆమెకు ఉంది. లేనిది పెన్సిల్ అలవాటు. ముగ్గుకు మార్కులేమీ ఉండవు. డాక్టరు చూసే కాగితం మీద మాత్రం ఈ విషయం రాశాను.

7. మార్కుల కాగితం చదవడం

మొత్తం మార్కు ముందు చూడకండి. మార్కులు ఎక్కడ పోయాయో చూడండి.

చదవడం, రాయడం, గీయడం, తీసివేతల్లోనే పోయి, గుర్తుపెట్టుకొమ్మని చెప్పిన మూడు మాటలు కాసేపటి తర్వాత కూడా గుర్తుండి, ఊరు, రోజు సరిగ్గా చెబితే ముందు చదువును లెక్కలోకి తీసుకోవాలి. అదే మూడు మాటలూ పూర్తిగా మాయమై, ఎక్కడున్నారో, ఏ ఏడాదో తడబడితే, చదువు లేదన్న కారణంతో దాన్ని కొట్టిపారేయకండి. బడికి వెళ్లకపోయినా తానున్న ఊరు ఏదో మనిషికి తెలుస్తుంది.

వయసు విషయంలో ఒక గుర్తు చూసుకోండి. వయసుతో వచ్చే మరపులో మాట దొరకడం ఆలస్యమవుతుంది, కొంచెం అందిస్తే టక్కున వస్తుంది. "అదొక పువ్వు" అనగానే "ఆ, మల్లె" అంటారు. అల్జీమర్స్‌లో చాలాసార్లు అందించినా రాదు. కొందరు అసలు మాటలు చెప్పిన సంగతే గుర్తులేదంటారు. క్లూ ఇస్తే వచ్చిందా లేదా అని పరీక్ష చేసినవాళ్లను అడగండి.

నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పారన్నది కూడా చదువుతో మారుతుంది. పోర్చుగల్‌లో చదువు రానివాళ్లు జంతువుల పేర్లలో వెనకబడ్డారు గానీ, బజారులో దొరికే సరుకుల పేర్లలో చదువుకున్నవాళ్లతో సమానంగా చెప్పారు. జంతువుల దగ్గర మార్కు పోతే కూరగాయలో, కిరాణా సరుకులో అడిగి చూడమనండి.

8. సరిచూసుకోవడం

ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా చూడండి: పరీక్ష, మూడో మెట్టులో రాసిన "అప్పుడు, ఇప్పుడు" కాగితం, రోజూ చూసే మనిషి మాట. మూడూ కలిస్తే నమ్మకం పెరుగుతుంది. పరీక్ష తక్కువ చూపించి, మిగతా రెండూ బాగున్నాయంటే, చదువుకు తగ్గ వేరే పరీక్షతో మళ్లీ చేయించండి. పరీక్ష బాగుండి మిగతా రెండూ మార్పు వచ్చిందంటే, ఇంట్లోవాళ్ల మాటే నమ్మి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

మార్కు ఎంత వచ్చినా బి12, థైరాయిడ్, సోడియం, షుగర్ పరీక్షల గురించి డాక్టరును అడగండి. దిగులు జబ్బుంటే మతిమరుపులాగే కనిపిస్తుంది. "ఏమో, తెలియదు, నన్నడక్కండి" అనే జవాబులు ఎక్కువైతే ఆ సంగతి చెప్పండి.

అదే పరీక్ష వారం పది రోజుల్లో ఇంకో ఆస్పత్రిలో చేయించకండి. ప్రశ్నలు అలవాటై మార్కులు పెరుగుతాయి, బాగైందని పొరబడతారు. సాధారణంగా ఆరు నెలలో, ఏడాదో ఆగి, అదే పరీక్ష, అదే భాషలో, వీలైతే అదే మనిషితో చేయిస్తారు.

ఎక్కువ చదివినవాళ్ల దగ్గర పొరపాటు తిరగబడుతుంది

రిటైరైన ఒక హెడ్‌మాస్టరుగారికి 30కి 28 వచ్చాయి. తీసివేతలు నాకన్నా వేగంగా చేశారు. బయట కూర్చున్న ఆయన భార్య మెల్లగా చెప్పారు: "పాలవాడికి ఈ నెల రెండుసార్లు డబ్బులిచ్చారమ్మా. పింఛను పడిందా అని పొద్దున్నించి ఆరుసార్లు అడిగారు." నలభై ఏళ్లు బోర్డు మీద లెక్కలు చెప్పిన మనిషిని ఈ చిన్న పరీక్ష పట్టుకోలేదు. ఇలాంటివాళ్లకు పొడవైన పరీక్షలు కావాలి. పై చదువులున్నవాళ్లలో మార్పు కనిపిస్తుంటే "నార్మల్" అని రాసిన కాగితంతో సరిపెట్టుకోకండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకు

దిగిన వారంలోనే చేయించకండి, రాత్రీ పగలూ తారుమారై ఉంటాయి. ఏ కౌంటీ, ఏ ఫ్లోర్ అన్న ప్రశ్నలకు జవాబు రాకపోతే కంగారు పడకండి. కొడుకో కూతురో అనువాదం చేయొద్దు. తెలియకుండానే ప్రశ్నను తేలిక చేసేస్తాం. తెలుగు దుబాసీని ఇమ్మని ముందే అడగండి. వాళ్లు కూడా "జవాబు అర్థం కాలేదు" అని సర్దకుండా, పెద్దవాళ్లు అన్నది అన్నట్టే చెప్పాలి.

ఇవి కనిపిస్తే పరీక్ష కోసం ఆగకండి

రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడటం, పగలంతా మగతగా ఉండి రాత్రి కేకలు వేయడం, జ్వరం, మూత్రంలో మంట, పడిపోయి తలకు దెబ్బ తగలడం, మూతి వంకరపోవడం, ఒకవైపు చెయ్యో కాలో బలహీనపడటం. వీటికి మార్కులతో పనిలేదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వృద్ధుల సహాయానికి 14567, చూసుకునేవాళ్ల మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416 ఉన్నాయి.

బయటికి వచ్చే ముందు నింపిన పరీక్ష కాగితం నకలు అడిగి తీసుకోండి. దాని మీద తేదీ, పరీక్ష పేరు, ఏ భాషలో చేశారు, చదువు ఎన్నేళ్లు, అసలు వయసు, కళ్లజోడు పెట్టుకున్నారా, వినపడిందా అన్నవి మీ చేత్తోనే రాసి, "అప్పుడు, ఇప్పుడు" కాగితంతో కలిపి పిన్ను కొట్టి ఒకే ఫైలులో పెట్టండి. వచ్చే ఏడాది డాక్టరు ముందుగా అడిగేది ఆ ఫైలే.